తెల్లగా దిగిన ద్రాక్షారసం

రేపల్లెలో సుగుణమ్మలకు కొదవ లేదు. కుట్టుమిషను సుగుణమ్మ ఒకరు, పాల సుగుణమ్మ ఒకరు. లూథరన్ చర్చి వెనక సందులో పెంకుటింట్లో ఉండే ఈ సుగుణమ్మను మాత్రం ద్రాక్షారసం సుగుణమ్మ అంటారు. కొత్తగా వినేవాళ్లు మరోలా అనుకుంటారేమో గాని, ఆవిడ అరవై మూడేళ్ల పెద్దమనిషి, ఆదివారం ఆరాధన తప్పని మనిషి. నెల నెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు భోజనంలో క్రీస్తు రక్తానికి గుర్తుగా తాగే ద్రాక్షారసం ఇరవై ఆరేళ్లుగా ఆవిడే చేసి ఇస్తోంది. పేరు అందుకు వచ్చింది.

పుట్టిల్లు అడవులదీవి. తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్లేవాడు, వేట లేని నెలల్లో కూలికి వెళ్లేవాడు. పదో తరగతి లెక్కల్లో తప్పగానే రేపల్లెలో రైల్వే గ్యాంగ్‌మన్ దేవదానానికి ఇచ్చి చేశారు. పిల్లలు పుట్టలేదు. అందుకు ఆవిడ ఎవరినీ నిందించలేదు. తనను నిందించడానికి వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి పంపేది. బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా ముప్ఫై ఒక్క ఏళ్లు చేసింది. సోమవారం తెల్లవారుజామున బస్సెక్కితే శనివారం సాయంత్రమే ఇల్లు. మూడు వందల మందికి సాంబారు కాచేటప్పుడు కూడా ఉప్పు గుప్పిటతోనే వేసేది. ఉప్పెక్కువైందన్న మాట అన్నేళ్లలో రెండేసార్లు వచ్చిందట, ఆ రెండుసార్లూ తనకు జ్వరమట. నాలుక విషయంలో ఆవిడకు కాస్త గర్వం ఉంది. మిగతా విషయాల్లో గర్వపడడానికి ఎవరూ అవకాశం ఇవ్వలేదు.

ద్రాక్షారసం పని అత్తగారు లక్ష్మమ్మది. లక్ష్మమ్మ కోడలికి నగలు పెట్టింది లేదు, మంచి మాట చెప్పిందీ లేదు. పోయే ముందు మాత్రం మోకాలెత్తు పింగాణీ జాడీ ఒకటి ఇచ్చి, రసం పెట్టడం ఎలాగో నేర్పి పోయింది. మాఘమాసం చివర్లో నల్లద్రాక్ష కొనాలి. కడిగి, గుడ్డ మీద ఆరబోసి, తడి పూర్తిగా పోయాక చేత్తో చిదమాలి. పంచదార, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు వేసి జాడీ మూతికి గుడ్డ కట్టాలి. ఇరవై ఒక్క రోజులు పొద్దున్నే చెక్క తెడ్డుతో కలపాలి; ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సుగుణమ్మ ఏటా ఆ రోజులకు హాస్టల్లో సెలవు పెట్టేది. తర్వాత వడకట్టి, మళ్లీ అన్ని రోజులూ తేరనిచ్చి సీసాలకు పోయాలి. ఎంత పంచదార, ఎన్ని కిలోలకు ఎన్ని గోధుమలు అని అడిగితే లక్ష్మమ్మకు కోపం వచ్చేది. రంగు సంగతి అడిగితే మాత్రం ఒకటే జవాబు. రంగు జాడీయే ఇస్తుంది, నీ చేయి శుభ్రంగా ఉంచుకో చాలు అనేది. నిజమే మరి, నలభై ఏళ్ల రసం పట్టి జాడీ లోపలంతా ముదురు వంకాయ రంగుకు తిరిగిపోయి ఉండేది. ఎంత తోమినా వదిలేది కాదు.

దేవదానం పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తర్వాత ఉద్యోగమూ అయిపోయింది. ఒక శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపారు. ఇక సుగుణమ్మకు మిగిలిన పని ఆ జాడీ ఒక్కటే. మొదటి ఆదివారం పొద్దున తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, సీసాను ఉతికిన గుడ్డలో చుట్టుకుని ఇంటి నుంచి చర్చి దాకా నడిచేది. నూరడుగులు కూడా ఉండవు. దారిలో అందరూ పక్కకు తప్పుకునేవారు. పిల్లల చేత దణ్ణం పెట్టించినవాళ్లూ ఉన్నారు. ఆ నూరడుగుల కోసమే తక్కిన నెలంతా గడుపుతున్నట్టు ఉంటుందని ఒకసారి మేనల్లుడితో అంది. అన్నాక సిగ్గుపడి మాట మార్చేసింది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఎప్పటిలాగే పాసింజరు రైలెక్కి తెనాలి మార్కెట్టుకు వెళ్లింది. నల్లద్రాక్ష లేదు. ఉన్న రెండు పెట్టెలూ వానకు పగిలి బూజు పట్టి ఉన్నాయి. వారం ఆగి మళ్లీ వెళ్లింది. అప్పుడూ అంతే. మూడోసారి వెళ్లినప్పుడు, ఈ ఏడు మంచి సరుకు రాదు పిన్నిగారూ, తెల్లద్రాక్ష పటికబెల్లంలా ఉంది పట్టుకెళ్లండి అన్నాడు పండ్లాయన. ఒక కాయ నోట్లో వేసుకుని చూసింది. తీపి బాగానే ఉంది. అత్తగారి మాట గుర్తొచ్చింది. రంగు జాడీ ఇస్తుంది కదా, ఇక ద్రాక్ష ఏదైతేనేం అనుకుని పాతిక కిలోలు తూయించుకుంది. పండు అసలే తీపి కదా అని ఇంటికొచ్చి పంచదార సగానికి తగ్గించింది.

మూడు వందల మంది నాలుకలకు వండిన మనిషి, జాడీ రంగు పుట్టిస్తుందని నమ్మడమేమిటని మనం అనుకోవచ్చు. కాని అత్తగారి దగ్గర నేర్చుకున్న పనిలో ఏది నిజం, ఏది ఆవిడ నోటి దురుసు అని ఏ కోడలు విడదీసి చూసింది?

ఇరవై ఒక్క రోజులూ జాడీలోకి తొంగి చూస్తే నల్లగానే కనిపించింది. అది రసం రంగు కాదు, జాడీ గోడల రంగు. వడకట్టి గాజు సీసాలోకి పోసిననాడు అసలు సంగతి తెలిసింది. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలా లేత పసుపు రంగులో దిగింది. నాలుక మీద వేసుకుంటే తీపి ఆనవాలు లేదు. సన్నటి పులుపు, చివర్లో చిన్న చేదు. సీసాలు ఇరవై అయ్యాయి. సుగుణమ్మ ఆ ఇరవై సీసాలనూ వరసగా గోడవార పెట్టి, ఎదురుగా పీట వేసుకుని చాలాసేపు కూర్చుంది.

ఈస్టరు దగ్గర పడింది. మళ్లీ ద్రాక్ష తెచ్చి పెట్టే వ్యవధి లేదు. ఆవిడ దాచలేదు. ఒక సీసా పట్టుకుని అయ్యగారి దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పింది. పాస్టరు రమేష్ బాబు ఆ సంఘానికి వచ్చి ఏడాది కూడా కాలేదు, వయసులో చిన్నవాడు, చదువులో పెద్దవాడు. ద్రాక్షపండు రసం కావాలి గాని ఫలానా రంగు ఉండాలని ఎక్కడా లేదండి, మీరేం దిగులు పెట్టుకోకండి అని ధైర్యం చెప్పాడు. అయ్యగారి చదువుకు ఆ రంగు సరిపోయింది. సంఘానికి సరిపోతుందో లేదో ఆయనా ఆలోచించలేదు, ఈవిడా ఆలోచించలేదు.

ఈస్టరు ఆదివారం చర్చి కిటకిటలాడింది. జనం వరసగా వచ్చి పీఠం ముందు కమ్మీ దగ్గర మోకరించారు. మొదటి వరసలో శకుంతలమ్మ అని ఎనభై దాటిన ముసలావిడ ఉంది. గిన్నె నోటి దాకా వచ్చాక లోపలికి చూసి ఆగిపోయింది. చెవుడు వల్ల ఆవిడ మెల్లగా మాట్లాడలేదు.

"ఇందులో రక్తమేదయ్యా?" అంది.

చర్చి అంతా విన్నది. అయ్యగారు వంగి ఏదో చెప్పబోయాడు గాని ఆవిడకు వినపడలేదు. తల అడ్డంగా తిప్పుకుని లేచి వెళ్లిపోయింది. ఆవిడ వెనక మరికొందరు వెళ్లారు. తాగినవాళ్లలో కొందరు మొహం చిట్లించారు, ఒకాయన దగ్గాడు. సుగుణమ్మ మూడో బెంచీలో తల వంచుకుని కూర్చుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు వంటింట్లో చేసినా ఒంటికి ఎప్పుడూ పట్టని సెగ ఆ రోజు పట్టింది.

మంగళవారం సంఘం సెక్రటరీ జ్ఞానానందం గారు ఇంటికి వచ్చాడు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు, చెడ్డ కబురు కూడా కాగితం చదివినట్టు చదువుతాడు, అంతే. కమిటీ కూర్చుందని, వచ్చే నెల నుంచి కొట్లో దొరికే ద్రాక్షరసం సీసాలు తెప్పించాలని తీర్మానం అయిందని చెప్పాడు. ఇందులో ఎవరి తప్పూ లేదని రెండుసార్లు అన్నాడు. సుగుణమ్మ మజ్జిగ ఇచ్చింది. వచ్చే ఏడు నల్లద్రాక్ష దొరికితేనో అని అడుగుదామనుకుంది. అడగలేదు. ఆయన వెళ్లాక జాడీని వంటింటి మూలకు జరిపి, దాని మీద చేట బోర్లించింది. కోపం, అవమానం, దుఃఖం మూడూ ఉన్నాయి. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి తప్పినందుకు పని పోయింది. హాస్టల్లో రెండుసార్లు ఉప్పెక్కువేసినా ఉద్యోగం పోలేదు.

పద్దెనిమిది సీసాలు మిగిలాయి. పారబోయడానికి చేయి రాలేదు. అలాగని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆ వారంలోనే తమ్ముడి కొడుకు కిరణ్ కుమార్ వచ్చాడు. బాపట్ల సముద్రతీరంలో ఒక రిసార్టులో వంటవాడు. వేట నిషేధం రోజులు కనుక సముద్రపు చేప లేదు. చెరువులో పెంచిన పండుగప్పలు రెండు సంచిలో వేసుకొచ్చాడు. సంగతంతా విని, ఒక సీసా మూత తీసి వాసన చూశాడు. గుక్కెడు నోట్లో పోసుకుని బుగ్గలు కదిలించి మింగాడు. సుగుణమ్మ వద్దనే లోపలే అయిపోయింది.

"అత్తా, ఇది పాడవలేదు. మా కాడికి వచ్చే హైదరాబాదోళ్లు కాల్చిన చేపతో తాగే వైటు వైను అచ్చం ఇట్టాగే ఉంటది," అన్నాడు. అక్కడ ఒక్క సీసాకు పుచ్చుకునే డబ్బుతో నీ ద్రాక్షంతా కొనొచ్చని కూడా చెప్పాడు. సుగుణమ్మ నమ్మలేదు. దేవుడికి పనికిరానిది హైదరాబాదువాళ్లకు పనికొస్తుందంటే ఆవిడకు నవ్వూ వచ్చింది, కష్టమూ కలిగింది. తాగడం పాపమా అని కాసేపు తర్కించుకుంది. అయ్యగారు ప్రార్థించి పీఠం మీద పెడితే అది వేరు, గోడవార ఉన్నది ద్రాక్షపండ్ల పులుపే కదా అని తేల్చుకుంది. అసలు ఆవిడను లాగింది తర్కం కాదు, నాలుక. తన చేతి సరుకు దేనికి పనికొస్తుందో తెలుసుకోవాలని ఉంది.

మొదట తనకు తెలిసిన పద్ధతిలో ఒక పండుగప్పను పులుసు పెట్టింది. ఒక ముద్ద తిని, గాజు గ్లాసులో రెండు గుక్కలు. ఇద్దరి మొహాలూ ముడుచుకుపోయాయి. చింతపండు పులుపు, ద్రాక్ష పులుపు ఒకే ఒరలో రెండు కత్తులయ్యాయి. మర్నాడు కిరణ్ తన పద్ధతి చూపిస్తానన్నాడు. పెరట్లో రెండు ఇటుకల మధ్య సరుగుడు బొగ్గులు రాజేసి, పైన ఇనప జల్లెడ పెట్టాడు. చేపకు కారం, పెరుగు, గరం మసాలా దట్టించి ఎర్రగా కాల్చాడు. చేప బ్రహ్మాండంగా ఉంది. రసం మాత్రం దాని పక్కన నీళ్లయిపోయింది. పైగా కారం మీద పడి గొంతు భగ్గుమంది. మరి రిసార్టులో ఎలా తాగుతున్నారురా అని అడిగితే, వాళ్లు నాలుకతో తాగరత్తా, ఫోటోలతో తాగుతారు అన్నాడు.

సుగుణమ్మకు పట్టుదల వచ్చింది. శనివారం కిరణ్ మళ్లీ పండుగప్ప తెచ్చాడు, గుప్పెడు రొయ్యలు కూడా తెచ్చాడు. ఈసారి బొగ్గుల దగ్గర ఆవిడే కూర్చుంది. అడవులదీవి రేవులో తండ్రి కాల్చినట్టు కాల్చింది. చేపకు రెండు పక్కలా గాట్లు పెట్టి, ఉప్పు, చిటికెడు పసుపు, నలిపిన వెల్లుల్లి, పలచగా నూనె. అంతే, మిరపకాయ ఊసే లేదు. చర్మం నల్లబడి చిట్లే దాకా కదపలేదు. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం. రొయ్యలు పొట్టుతోనే పడేసింది. సీసాను రెండు గంటల ముందే ఫ్రిజ్‌లో పెట్టి ఉంచింది.

ఒక ముక్క తిని, ఒక గుక్క తాగింది. మళ్లీ ముక్క, మళ్లీ గుక్క. కిరణ్ ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. చర్మం మాడిన చేదును రసం పులుపు తీసేస్తోంది. పండుగప్ప కొవ్వు నాలుకకు పట్టుకుంటే రసం కడిగేస్తోంది, కడిగాక నాలుక మళ్లీ ముక్కే అడుగుతోంది. ఉప్పు తగిలినచోట మాత్రం, సీసాలో తగ్గించిన తీపి ఎక్కడి నుంచో కాస్త బయటికొస్తోంది. రొయ్యతో ఇంకా బాగుంది.

"పులుపుకు పులుపు జోడీ కాదురా. పులుపుకు పొగ, ఉప్పు జోడీ," అంది చివరికి. కిరణ్ ఆ మాట ఫోనులో రాసుకున్నాడు.

మృతుల్లోంచి తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి శిష్యులకు పెట్టిన సంగతి ఆవిడకు సండే స్కూలు నాటి నుంచి తెలుసు. ఆ చేపలతో ఏం తాగారో ఎవరూ చెప్పలేదు. నీళ్లే తాగి ఉంటారని సుగుణమ్మ గ్లాసు కడుక్కుంటూ అనుకుంది.

అప్పటి నుంచి వారానికోసారి పెరట్లో నిప్పు రాజుకునేది. ఒకరికి ఒక గ్లాసు, అంతకు మించి లేదు. ఎక్కువ తాగితే చేప రుచి తెలియదని ఆవిడ నియమం. హాస్టల్లో పిల్లలకు పెరుగు కొలిచినట్టే కొలిచేది.

మే నెల మొదటి ఆదివారం వచ్చింది. చేతిలో సీసా లేదు. వెళ్లకుండా ఉందామనుకుంది, పంతమనుకుంటారని వెళ్లింది. మూడో బెంచీ వదిలి చివర కూర్చుంది. అందరి తర్వాత లేచి వెళ్లి మోకరించింది. గిన్నె వచ్చింది, తాగింది, లేచింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా చాప మీద పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచేసరికి మొహం తేటగా ఉంది. తనకేమైందో ఆవిడకే సరిగ్గా తెలియలేదు. జూన్ మొదటి ఆదివారం కూడా అలాగే జరిగాక తెలిసింది.

జూన్ రెండో వారంలో ఒక సాయంత్రం జ్ఞానానందం గారు మళ్లీ వచ్చాడు. పెరట్లో పొగ చూసి అటే వచ్చాడు. కిరణ్ కుర్చీ వేశాడు. ఆయన గొంతు సవరించుకుని కొట్లో రసం కష్టాలు మొదలుపెట్టాడు. అది పంచదార పాకంలా ఉందట. శనివారం పోసి పెడితే ఆదివారానికి పీఠం మీది గుడ్డ నిండా చీమలట. షుగరు ఉన్నవాళ్లు సణుగుతున్నారట. శకుంతలమ్మ కూడా, ఎర్రగా ఉంది గాని సుగుణమ్మది కాదు అందట. ఆ మాట సుగుణమ్మకు తగిలింది.

చేప దించి ఆయనకూ ఒక పళ్లెం పెట్టింది. పక్కన గ్లాసు పెట్టబోయి, ఇది మీరు కాదన్నదేనండి అని ముందే చెప్పింది. ఆయన కాసేపు గ్లాసు వంక చూశాడు. ఎవరూ లేరు కదా అన్నట్టు గోడ వంక కూడా చూశాడు. ముక్క తిని, గుక్క తాగి, ఇంకో ముక్క తీసుకున్నాడు. కాసేపటికి ముళ్లు తప్ప పళ్లెంలో ఏమీ లేదు. ఈస్టరు నాడు దగ్గింది ఆయనేనని సుగుణమ్మకు తెలుసు. ఆ మాట ఎత్తలేదు.

చేయి కడుక్కొచ్చి కూర్చుని ఆయన అసలు విషయానికి వచ్చాడు. కమిటీ మళ్లీ కూర్చుందన్నాడు. వచ్చే ఏడాది నుంచి రసం మళ్లీ ఆవిడే చేయాలని, నల్లద్రాక్ష ఎక్కడ దొరికితే అక్కడి నుంచి సంఘమే తెప్పించి ఇస్తుందని, ఇది అందరి మాటని చెప్పాడు. ఈసారి కాగితం చదివినట్టు చెప్పలేదు. కిరణ్ సంతోషంగా అత్త వైపు చూశాడు. ఏప్రిల్ నుంచి ఆవిడ ఈ కబురు కోసమే ఎదురుచూసిందని అతనికి తెలుసు.

సుగుణమ్మ బొగ్గుల మీద బూడిద కప్పి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేను చేయనన్నయ్యగారూ," అంది. "శకుంతలమ్మగారి మనవరాలు సింధు ఉంది, చేతి శుభ్రం ఉన్న పిల్ల. జాడీ ఇచ్చి దగ్గరుండి నేర్పుతాను. పంచదార ఎంతో, గోధుమలు ఎన్నో కాగితం మీద రాసి మరీ ఇస్తాను. నేను మాత్రం చేయను."

కమిటీ మీద కోపమా అని ఆయన అడిగాడు. అప్పట్లో ఉండేదని, ఇప్పుడు లేదని ఆవిడ చెప్పింది. చెప్పి పీట ముందుకు జరుపుకుంది.

"ఇరవై ఆరేళ్లు ఆ కమ్మీ కాడ మోకరించానండి. గిన్నె నోటికి రాగానే నాకు దేవుడు గుర్తొచ్చేవాడు కాదు. పులుపెక్కిందా, మడ్డి దిగిందా, డిసెంబరు దాకా నిలుస్తుందా, ఇదే. మా ఆయన పోయిన నెలలో కూడా అదే. ఆయన పేరు తలుచుకుని ఏడుద్దామని వెళ్లి, లవంగం ఎక్కువైందని అనుకుంటా లేచొచ్చాను. మొన్న మే నెలలో అందులో నాదేం లేదు. కళ్లు మూసుకుని తాగాను. ఆయన పేరు తలుచుకున్నాను. సంఘంలో అందరికీ నా చేత్తో అందిందన్నయ్యగారూ. నాకు అందింది మాత్రం అప్పుడే."

జ్ఞానానందం గారు లేచి, చెప్పులేసుకుని, సింధుకు తాను కబురు చెబుతానంటూ వెళ్లిపోయాడు.